ప్రజా సంబంధాలు: టముకు నుండి ట్విట్టరు వరకు

పూర్వం గ్రామాలలో ప్రభుత్వాజ్ఞలను ప్రజలకు తెలియజేయవలసి వచ్చినప్పుడు టముకు వేయించేవారు. ఉర్దూ మాట్లాడేవారు దీనినే 'మునాదీ' అంటారు. శిస్తు చెల్లించవలసిన గడువు, సంత జరుగు దినము, పశువులకు టీకాలు వేయు తేదీ, ఏదైనా సరే, నాలుగు వీధుల కూడలిలో డప్పు మ్రోగేది. టముకు వేసేవాడు తనకు అప్పగించిన నాలుగు మాటలు పలికి మరొక వీధికి సాగిపోయేవాడు. విన్నవారిలో ఎవరికైనా సందేహం కలిగితే తీర్చే బాధ్యత అతనిది కాదు. తీర్చవలసినవారు అక్కడ వుండేవారు కారు. నేడు ప్రజా సంబంధాలు అని పిలువబడే వృత్తి చాలాకాలం ఈ టముకు పద్ధతినే కొంత నాగరికమైన రూపంలో కొనసాగించిందని చెప్పవచ్చు.

ప్రజా సంబంధాలు అనగా ఒక సంస్థకు, ఆ సంస్థ వలన మేలుగాని కీడుగాని పొందే ప్రజలకు మధ్య అవగాహనను పెంపొందించే కృషి. ప్రభుత్వ పరిభాషలో వీటికే 'పౌర సంబంధాలు' అని పేరు. ఉర్దూలో 'తఅల్లుఖాతె ఆమ్మా' అంటారు. ఏ పేరు తీసుకొన్నా అందులో 'సంబంధం' అన్న మాటే ప్రాణం. సంబంధమన్నప్పుడు ఇరుపక్షాలు మాట్లాడాలి గదా! ఆచరణలో మాత్రం ఒక పక్షమే మాట్లాడేది. బ్లాగులు, వాటి వెనుక వచ్చిన సామాజిక మాధ్యమాలు ఈ స్థితిని ఎట్లు మార్చినవో, ఆ మార్పులో లాభమెంతో, ప్రమాదమెంతో ఈ వ్యాసంలో పరిశీలింపదలచాము.

ఆధునిక ప్రజా సంబంధాల చరిత్రను అమెరికాకు చెందిన ఐవీ లీతో ఆరంభించడం పరిపాటి. 1906 అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ వద్ద ఒక రైలు వంతెన మీదనుండి నీటిలో పడి యాభైమందికి పైగా మరణించారు. అంతవరకు రైలు కంపెనీలు ఇటువంటి ప్రమాదాలను మరుగుపరచడానికే యత్నించేవి. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ పక్షాన పనిచేస్తున్న ఐవీ లీ ఇందుకు భిన్నంగా వివరాలను వ్రాతపూర్వకంగా పత్రికలకు అందజేశాడు. విలేకరులను ప్రమాదస్థలానికి తీసుకొనిపోయే ఏర్పాటు చేయించాడు. పత్రికా ప్రకటన అనే సాధనానికి ఆ విధంగా గౌరవం లభించింది. మన దేశంలో 1958లో భారత ప్రజా సంబంధాల సంఘం ఏర్పడింది. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో జరిగిన తొలి అఖిల భారత మహాసభలో వృత్తి నియమావళిని స్వీకరించారు. ఆ తేదీనే నేటికీ జాతీయ ప్రజా సంబంధాల దినంగా జరుపుతున్నారు.

ఈ రంగంలో హైదరాబాదుకు కూడ చెప్పుకోదగిన స్థానం వున్నది. నిజాం ప్రభుత్వపు సమాచార విభాగం 1940 దశకంలో 'హైదరాబాద్ ఇన్ఫర్మేషన్' అను మాసపత్రికను వెలువరించింది. తరువాతి కాలంలో రాష్ట్ర సమాచార పౌర సంబంధాల శాఖలో ఉన్నతాధికారిగా పనిచేసిన డాక్టర్ సి.వి. నరసింహారెడ్డి ఈ శాస్త్రంపై పాఠ్యగ్రంథాలు రచించి, 'పబ్లిక్ రిలేషన్స్ వాయిస్' అను పత్రికను హైదరాబాదు నుండే నడిపారు.

ఆనాటి పౌర సంబంధాల కార్యాలయాన్ని ఒక్కసారి మనసులో నిలుపుకొందాము. ఉదయం అధికారి ప్రకటన పాఠాన్ని సిద్ధం చేస్తాడు. పైవారు దానిలో రెండు మాటలు కొట్టివేసి, నాలుగు విశేషణాలు చేర్చి సంతకం పెడతారు. గుమాస్తా స్టెన్సిల్ కొట్టి ప్రతులు తీస్తాడు. ఇంగ్లీషు ప్రతి ఒకటి, తెలుగు ప్రతి ఒకటి, ఉర్దూ పత్రికల కొరకు ఉర్దూ అనువాదం ఒకటి. ఉర్దూ ప్రతి పత్రికా కార్యాలయానికి చేరిన తరువాత కాతిబు దానిని చేతితో అందంగా వ్రాయాలి. సాయంకాలానికి ప్రకటనలన్నీ పత్రికలకు చేరుతాయి. మరునాడు అచ్చయిన వార్తలను కత్తిరించి, కాగితం మీద అంటించి, పై అధికారి బల్ల మీద పెడతారు. ఎన్ని అంగుళాల వార్త వచ్చినదో కొలిచి, దానినే వృత్తి విజయంగా భావించేవారు. ఆ వార్తను చదివి పాఠకుడు ఏమనుకున్నాడో కొలిచే బద్ద ఎవరి వద్దా వుండేది కాదు.

ఈ పద్ధతికి రెండు ఆధారాలు వుండేవి. మొదటిది ద్వారం. ఏది ప్రజలకు చేరాలో, ఏది చేరకూడదో నిర్ణయించే సంపాదకుడు ఆ ద్వారం వద్ద నిలబడి వుండేవాడు. సంస్థ గొంతు గాని, సంస్థపై ఫిర్యాదు గాని ఆయన అనుమతి లేకుండా బయటకు రావడం కష్టం. రెండవది వ్యవధి. సంఘటన జరిగిన క్షణానికి, అది అచ్చులో కనిపించే ఉదయానికి మధ్య కొన్ని గంటల కాలం దొరికేది. ఆలోచించుకోవడానికి, నిజం విచారించుకోవడానికి, ఒక్కొక్కప్పుడు నిజాన్ని కప్పిపుచ్చడానికి కూడ ఆ వ్యవధి ఉపయోగపడేది. కొత్త మాధ్యమాలు ఈ రెండు ఆధారాలను ఒకేసారి తొలగించివేశాయి. మిగిలిన మార్పులన్నీ వీటి ఫలితాలేనని మా అభిప్రాయం.

'వెబ్‌లాగ్' అన్న పేరు 1997లో పుట్టింది. 1999లో అది కుదించుకొని 'బ్లాగ్' అయింది. అనగా ఇంటర్నెట్‌లో ఒక వ్యక్తి తేదీల వారీగా వ్రాసుకొనే బహిరంగ దినచర్య. చదివినవారు దాని క్రిందనే తమ అభిప్రాయాన్ని వ్రాయవచ్చు. తరువాత 2004లో ఫేస్‌బుక్, 2005లో యూట్యూబ్, 2006లో ట్విట్టర్, 2009లో వాట్సాప్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చాయి. ట్విట్టర్ పేరు 2023లో 'ఎక్స్'గా మారినది. పేర్ల పట్టిక ఇంతకన్న అవసరం లేదు. బ్లాగు ఒక పెద్ద సంస్థను ఎట్లు కదిలించినదో తెలుసుకోవడానికి ఒక్క ఉదాహరణను కొంత విపులంగా చూడడం మేలు.

జెఫ్ జార్విస్ అను అమెరికన్ పత్రికా రచయిత 2005లో డెల్ కంపెనీ వారి ల్యాప్‌టాప్ కంప్యూటరు కొన్నాడు. చెడిపోతే ఇంటికే వచ్చి బాగుచేసే సేవ కొరకు అదనపు రుసుము కూడ చెల్లించాడు. యంత్రం నిజంగానే చెడిపోయింది. మనిషిని పంపినా అతని వద్ద కావలసిన విడిభాగాలు వుండవని, యంత్రాన్నే కంపెనీకి పంపవలసి వుంటుందని సమాధానం వచ్చింది. చెల్లించిన సొమ్ముకు అర్థమేమిటని ఎవరైనా అడుగుతారు. ఆయన ఆ యేడు జూన్‌లో తన 'బజ్‌మెషీన్' బ్లాగులో ఘాటుగా అడిగాడు. పాతరోజులలో ఇది ఒక వినియోగదారుని కోపంగా ముగిసిపోయేది. లేదా ఏ పత్రికలోనో లేఖల శీర్షికలో నాలుగు పంక్తులుగా వెలువడి మరుగున పడేది. ఈసారి అట్లు జరుగలేదు. తమకు కూడ ఇదే అనుభవం కలిగినదని వందలమంది ఆ వ్రాత క్రింద వ్రాశారు. ఒకరి బ్లాగును మరొకరి బ్లాగు ప్రస్తావించింది. ఇంటర్నెట్‌లో డెల్ పేరు కోసం వెదికిన కొత్త కొనుగోలుదారునికి కంపెనీ ప్రకటనలతోపాటు ఈ ఫిర్యాదులు కూడ కంటబడసాగాయి. ఈ వ్యవహారానికి 'డెల్ నరకం' అన్న పేరు స్థిరపడింది.

కంపెనీ ఆనాడు అనుసరించిన విధానం, బ్లాగులను గమనించడమే గాని వాటికి బదులివ్వకపోవడం. పాత ప్రజా సంబంధాల శాస్త్రం ప్రకారం ఇది తప్పు కాదు. ఒక వ్యక్తి మాటకు బదులిస్తే ఆ మాటకు లేని ప్రాముఖ్యం వస్తుందని ఆ శాస్త్రం చెప్పేది. అయితే ఆ సూత్రం ద్వారం మూసి వున్న కాలానికి చెందినది. ద్వారమే లేనప్పుడు మౌనాన్ని ప్రజలు గాంభీర్యంగా గాక అహంకారంగా అర్థం చేసుకొన్నారు. జార్విస్ చివరకు యంత్రాన్ని తిరిగి ఇచ్చి, సొమ్ము వాపసు తీసుకొని, మరొక కంపెనీ కంప్యూటరు కొన్నాడు.

2006 జులైలో డెల్ తానే ఒక బ్లాగును ఆరంభించింది. మొదటి వ్రాతలు సొంత సరుకును పొగడుకొనే ధోరణిలో వుండగా చదువరులు ఎగతాళి చేశారు. అంతకు ముందే జపానులోని ఒసాకాలో ఒక సమావేశం జరుగుతుండగా డెల్ ల్యాప్‌టాప్ ఒకటి మంటలలో కాలిపోతున్న ఫోటోలు లోకమంతటా వ్యాపించాయి. కంపెనీ ఈసారి మౌనం వహించలేదు. మండిన యంత్రాన్ని గురించి తన బ్లాగులోనే వ్రాసింది. 2006 ఆగస్టు 14న, సోనీ తయారు చేసిన బ్యాటరీలు సుమారు 41 లక్షలను వెనుకకు తీసుకొంటున్నట్లు ప్రకటించినప్పుడు, కంగారుపడిన కొనుగోలుదారులకు వివరాలు తెలుపడానికి ఆ బ్లాగు ఉపకరించింది. 2007 ఫిబ్రవరిలో 'ఐడియా స్టార్మ్' అను వేదికను తెరచి, ఏమి మార్పులు కావాలో చెప్పండని ప్రజలనే అడిగింది. లైనక్స్‌తో కూడిన కంప్యూటర్లు కావాలని ఎందరో కోరగా కొద్ది మాసాలలోనే వాటిని అమ్మకానికి పెట్టింది. ఈ కథలో ముఖ్యమైన సంగతి బ్లాగు కాదు. అదే సమయంలో కంపెనీ తన మరమ్మతు సేవలను చక్కదిద్దుకొనే పని కూడ చేపట్టింది. ఆ పని జరుగకపోయినట్లయితే ఎంత తీయగా వ్రాసిన బ్లాగైనా మరొక ఫిర్యాదుల పెట్టెగా మిగిలిపోయేది.

విద్యార్థులు ఇక్కడ ఒక గ్రంథాన్ని గుర్తుంచుకోవాలి. జేమ్స్ గ్రూనిగ్, టాడ్ హంట్ అను ఇద్దరు ఆచార్యులు 1984లో ప్రజా సంబంధాలను నాలుగు నమూనాలుగా విభజించారు. కేవల ప్రచారం, సమాచారం అందించడం, ప్రజల మనసు తెలుసుకొని వారిని తనవైపు త్రిప్పుకోవడం, ప్రజల మాట విని తాను కూడ మారడం - ఇవీ ఆ నాలుగు. చివరిదే ఉత్తమమని వారి భావన. చాలామంది దానిని తరగతి గదిలో చెప్పుకొనే ఆదర్శంగానే చూశారు. బలవంతుడైన సంస్థ బలహీనుడైన వినియోగదారుని మాట విని ఎందుకు మారుతుందని ప్రశ్నించారు. ఆ ప్రశ్న సబబైనదే. సంస్థలలో ఉదారత పెరిగినందున మార్పు రాలేదు. విననట్లు నటించడం ఖరీదైన పని అయినందున వచ్చింది.

దైనందిన కార్యక్రమంలో కూడ ఎంతో మార్పు కలిగింది. ప్రకటన వ్రాయడం కన్న ముందు వినడం ఉద్యోగంలో భాగమైంది. ఏ ఊరిలో, ఏ భాషలో, ఏ విషయమై జనం అసంతృప్తితో వున్నారో గమనించే సిబ్బంది ఏర్పడ్డారు. తొలగించిన వ్రాత తొలగిపోదు. దాని ఛాయాచిత్రం అప్పటికే ఎవరి ఫోనులోనో భద్రంగా వుంటుంది. కావున మాట మార్చుకోవలసి వస్తే బహిరంగంగా మార్చుకొన్నామని చెప్పక తప్పదు. సంస్థకు ప్రతినిధి ఒక్కడే అన్న నియమం కూడ సడలిపోయింది. బస్సు కండక్టరు, బ్యాంకు కౌంటరులోని గుమాస్తా, ఆసుపత్రి కాపలాదారు, వీరిలో ఎవరి ప్రవర్తన అయినా మరునిమిషంలో వీడియోగా లోకానికి చేరవచ్చు. పాతకాలపు అంగుళాల కొలతకు బదులు ఇప్పుడు 'లైకుల' లెక్క వచ్చింది. ఇది ఏమంత పురోగతి అని మేము అనుకోవడం లేదు. అంగుళాలను కత్తెరతో సంపాదించేవారు. లైకులను డబ్బుతో కూడ కొనవచ్చు.

మన ప్రాంతంలో 2021 సెప్టెంబరులో తెలంగాణ ఆర్టీసీ బాధ్యతలు స్వీకరించిన వి.సి. సజ్జనార్ ప్రయాణికుల ఫిర్యాదులకు ట్విట్టరులో స్వయంగా స్పందించడం అందరూ గమనించినదే. ప్రయాణికునికి ఇది ఎంతో ఊరట. అయితే ఒక సందేహం కూడ కలుగుతుంది. ఉన్నతాధికారి చూస్తే తప్ప పని జరుగదని అలవాటైతే, ట్విట్టరు తెలియని ప్రయాణికుని గతి ఏమిటి? డిపోలో కాగితం మీద వ్రాసి ఇచ్చిన ఫిర్యాదుకు కూడ అదే వేగం లభించినప్పుడే ఆ సంస్కరణ సంపూర్ణమవుతుంది.

కొత్త మాధ్యమంలో సామాన్యుని గొంతుకు విలువ పెరిగింది. విలువ గల ప్రతి వస్తువుకు నకిలీ పుడుతుంది. 2006లో ఒక జంట పెద్ద వాహనంలో అమెరికా దేశమంతా తిరుగుతూ, రాత్రులు వాల్‌మార్ట్ దుకాణాల ఆవరణలో బస చేస్తూ, అక్కడి ఉద్యోగులు ఎంత సంతోషంగా వున్నారో బ్లాగులో వ్రాయసాగారు. ఆ యాత్రకు సొమ్ము సమకూర్చినది వాల్‌మార్ట్‌కు అనుకూలంగా ఏర్పడిన ఒక సంఘమని, దాని వెనుక వున్నది ఎడెల్‌మన్ అను ప్రసిద్ధ ప్రజా సంబంధాల సంస్థ అని ఆ అక్టోబరులో బయటపడింది. సంస్థ అధిపతి రిచర్డ్ ఎడెల్‌మన్ క్షమాపణ చెప్పవలసి వచ్చింది. వ్రాసినదంతా అబద్ధమని కాదు ఇక్కడ అభియోగం. ఎవరి సొమ్ముతో వ్రాసినదో చెప్పకపోవడమే నేరం. మన దేశంలో భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, సామాజిక మాధ్యమాలలో పేరుపొందినవారు ప్రతిఫలం తీసుకొని చేసే ప్రచారాన్ని ప్రకటన అని స్పష్టంగా తెలుపాలని నియమం విధించింది. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం కూడ ఈ మేరకు మార్గదర్శకాలు వెలువరించింది. అయినప్పటికీ వంటల వీడియోలో నూనె డబ్బా మీద పేరు మాత్రం ఎందుకంత స్పష్టంగా కనిపిస్తున్నదో ప్రేక్షకులే ఊహించుకోవలసిన సందర్భాలు తక్కువేమీ కాదు.

ఇక మ్యాగీ నూడుల్స్ వ్యవహారం. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో తీసిన నమూనాలో సీసం పరిమితికి మించి వున్నదని కలకత్తా ప్రయోగశాల తెలుపగా, 2015 మే మాసంలో దేశమంతటా గగ్గోలు పుట్టింది. తమ సరుకు సురక్షితమని నెస్లే కంపెనీ చెబుతూనే వున్నది. ఫోనులలో తిరిగే భయం ముందు ఆ పొడి మాటలు నిలువలేదు. జూన్ 5న ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అమ్మకాలను నిషేధించింది. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసి, తిరిగి పరీక్షలు చేయించమన్నది. పరీక్షలలో నెగ్గి నవంబరులో సరుకు మళ్ళీ అంగళ్ళకు వచ్చింది. న్యాయస్థానంలో నిజం నిలువడానికి నెలలు పట్టింది. తల్లుల మనసులో అనుమానం నాటుకోవడానికి కొన్ని దినాలే చాలినవి.

అనుమానం నూడుల్స్ పొట్లం మీద గాక మనుష్యుల మీద పుట్టితే ఏమి జరుగుతుంది? 2018లో పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో కల్పిత సందేశాలు, సంబంధం లేని వీడియోలు తెలుగునాట గ్రామగ్రామాన వ్యాపించాయి. ఆ యేడు మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఇటువంటి వదంతిని నమ్మిన గుంపు ఒక నిర్దోషి ప్రాణాన్ని బలిగొన్నది. ఆ కాలంలోనే జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి అనుసరించిన మార్గం ప్రజా సంబంధాల పాఠ్యగ్రంథాలలో చేర్చదగినది. ఆమె పత్రికా ప్రకటనతో సరిపెట్టుకోలేదు. వాట్సాప్ వదంతిని వాట్సాప్‌తోనే ఎదుర్కొందామని కూడ అనుకోలేదు. కానిస్టేబుళ్ళకు గ్రామాలను అప్పగించి, ఇంటింటికీ పోయి మాట్లాడమన్నది. జానపద కళాకారులచేత డప్పు మీద పాట కట్టించి, వచ్చిన సందేశాన్ని నమ్మేముందు విచారించమని రచ్చబండల వద్ద పాడించింది. గ్రామస్థుల వాట్సాప్ బృందాలలో పోలీసులు కూడ చేరి, సందేహం కలిగినవారు తమను అడగవచ్చునని తెలిపారు. అనగా డప్పు మ్రోగింది. మ్రోగించినవారు మరొక వీధికి సాగిపోక, ప్రశ్నలకు బదులిస్తూ అక్కడే నిలబడ్డారు. ఆ యేడు జులైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసింది. కట్టడి అవసరమే. కాని గద్వాల గ్రామాలలో ముందుగా పనిచేసినది తెలిసిన మనిషి ముఖం.

కంపెనీకి ప్రజా సంబంధాల శాఖ వుంటుంది, పోలీసులకు వుంటుంది. ఒక మత వర్గానికి వుండదు. 2020 ఏప్రిల్‌లో కరోనా వ్యాధి విషయమై తబ్లీగీ జమాత్ పేరిట ముస్లిములందరినీ నిందిస్తూ పాత వీడియోలను కొత్తవిగా చూపి ప్రచారం చేసినప్పుడు, ఎవరు ఎవరి పక్షాన బదులివ్వాలి? ఆ నింద పండ్ల బండి నడుపుకొనే వ్యక్తి మీద కూడ పడింది. అతనికి ట్విట్టరు ఖాతా లేదు. ఆ యేడు ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ జమాత్ సభ్యుల మీది కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్లు కనిపిస్తున్నదని వ్యాఖ్యానించింది. అంతకు ముందే, వ్యాధి నుండి కోలుకొన్న జమాత్ సభ్యులు కొందరు ఇతర రోగుల చికిత్స కొరకు తమ ప్లాస్మాను దానం చేశారు. ఆ వార్త కూడ అవే మాధ్యమాల ద్వారా వ్యాపించింది. ఏ సంస్థా వ్రాసి ఇవ్వని ఆ సమాధానం ఎన్నో ఖండన ప్రకటనల కన్న బలంగా పనిచేసినదని మేము నమ్ముతున్నాము. అయినా నింద చేరిన ప్రతి ఫోనుకూ ఆ వార్త చేరిందని చెప్పలేము.

ఈ దృష్టితో మనవంటి చిన్న విద్యాసంస్థల ఫేస్‌బుక్ పుటలను చూచినట్లయితే, వాటిలో అత్యధిక భాగం పూలమాలలు, శాలువాలు, దీపప్రజ్వలనలు. ఇది టముకే, కాకపోతే రంగుల టముకు. ఆ ఫోటోల క్రింద ఎవరో ఒక విద్యార్థిని ఉపకారవేతనం దరఖాస్తుకు ఆదాయ ధ్రువపత్రం కొత్తది కావాలా, పోయిన సంవత్సరానిది చాలునా అని అడిగి వుంటుంది. ఎవరూ బదులిచ్చి వుండరు. గడువు దాటిపోతే ఆమె చదువు ఆగిపోవచ్చు. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. కార్యాలయంలో ఒక గుమాస్తా, ఆయనకు తోడుగా ఇద్దరు విద్యార్థులు, రోజుకు ఒక గంట కాలం, ఇంతే కావాలి. తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా గుర్తించారు. ఆంధ్రప్రదేశ్ 2022లో గుర్తించింది. ఒకప్పుడు ఉర్దూ మాటను ఇంటర్నెట్‌లో పెట్టాలంటే కాగితం మీద వ్రాసి బొమ్మగా మార్చవలసి వచ్చేది. నేడు సాధారణమైన ఫోనులో కూడ తెలుగు, ఉర్దూ లిపులు రెండూ వున్నాయి. ఉర్దూలో అడిగిన ఆ అమ్మాయికి ఉర్దూలోను, తెలుగులో అడిగిన ఆమె స్నేహితురాలికి తెలుగులోను ఆ సాయంకాలానికే బదులు వ్రాయవచ్చు.